ప్రపంచ టైటిల్ గెలవని మహా బాక్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

టైటిల్ గెలవకుండానే కెరీర్ ముగించిన బాక్సర్లలో అందరికన్నా గొప్పవాడెవడు? ఈ వాదన ఎక్కడ లేచినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. సగం గొడవకు కారణం పేర్లు కావు. ఏది టైటిలో, ఏది కాదో ముందే అనుకోకపోవడమే. అందుకే ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్నలను వాదన నడిచే క్రమంలో ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోట మొదలుపెట్టవచ్చు.

## వాదనకు దిగే ముందు

ఇన్ని బెల్టులు ఉన్నాయి, ఇందులో "ప్రపంచ టైటిల్" అని దేన్ని అనాలి?

కాలాన్ని బట్టి చెప్పాలి. పాతరోజుల్లో ఎనిమిదే వెయిట్ క్లాసులు: ఫ్లై (112 పౌండ్లు), బాంటమ్ (118), ఫెదర్ (126), లైట్ (135), వెల్టర్ (147), మిడిల్ (160), లైట్ హెవీ (175), ఆపైన హెవీవెయిట్. మామూలుగా ఒక్కో క్లాసుకు ఒక్కడే ఛాంపియన్, అప్పుడప్పుడు ఇద్దరు. అంటే ఏ సమయంలో చూసినా ప్రపంచం మొత్తం మీద ఉన్న కుర్చీలు పదికి అటూఇటూ.

ఇప్పుడు డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్ (1983), డబ్ల్యూబీఓ (1988) అని టైటిళ్లు ఇచ్చే నాలుగు సంస్థలు, అందరూ గుర్తించే 17 క్లాసులు. నాలుగు పదిహేడ్లు 68 బెల్టులు. కాబట్టి 1940లలో టైటిల్ అందకపోవడం, 2010లలో అందకపోవడం ఒకటి కాదు. పనికొచ్చే నియమం ఇది: 1960లకు ముందువాళ్లకు విస్తృతంగా గుర్తింపు ఉన్న టైటిల్, తర్వాతివాళ్లకు ఈ నాలుగింటిలో ఏ ఒక్క పూర్తి టైటిలైనా. అది గెలిస్తే జాబితాలోంచి పేరు తీసేయాలి.

ఇంటరిమ్ బెల్టు గెలిచాడు. ఛాంపియన్ కిందికి వస్తాడా?

రాడు. అసలు ఛాంపియన్ గాయంతోనో ఇంకో కారణంతోనో ఆగిపోయినప్పుడు పెట్టే తాత్కాలిక బెల్టు అది. దాన్ని పట్టుకున్నవాడు ఆ ఛాంపియన్‌ను ఇంకా ఓడించలేదు. తర్వాత సంస్థ అతన్ని పూర్తి ఛాంపియన్‌గా ప్రకటిస్తే మాత్రం జాబితా నుంచి తప్పుకుంటాడు.

కెన్ నార్టన్ డబ్ల్యూబీసీ హెవీవెయిట్ ఛాంపియనే కదా, మరి అతని పేరు ఎందుకు వస్తుంది?

రింగులో ఒక్క టైటిల్ బౌట్ కూడా గెలవలేదు కాబట్టి. 1977 నవంబరులో నార్టన్ జిమ్మీ యంగ్‌ను స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జీలలో ఇద్దరి తీర్పుతో) ఓడించాడు. 1978లో లియాన్ స్పింక్స్ నుంచి టైటిల్ లాక్కున్న డబ్ల్యూబీసీ, ఆ పాత గెలుపును లెక్కలోకి తీసుకుని నార్టన్‌ను ఛాంపియన్‌గా ప్రకటించింది. అదే ఏడాది జూన్ 9న లారీ హోమ్స్ చేతిలో ఆ బెల్టు పోయింది. 1974లో ఫోర్‌మన్ చేతిలో, 1976లో అలీ చేతిలో ఓడినవి కూడా కలిపితే టైటిల్ బౌట్లు మూడు, గెలుపులు సున్నా.

రికార్డు పుస్తకం ప్రకారం అతను ఛాంపియనే, అందుకని జాబితాలో పెట్టకూడదు. కానీ "టైటిల్ బౌట్ గెలవనివాళ్లు" అని ప్రశ్న మారిస్తే పై వరుసలో ఉంటాడు. ప్రశ్న ఏ మాటల్లో ఉందో ముందే కాగితం మీద రాసుకుంటే ఈ చిక్కు రాదు.

"కలర్డ్ హెవీవెయిట్ టైటిల్" గెలిచినవాళ్లు ప్రపంచ ఛాంపియన్లు కారా?

ఆ కాలపు లెక్కలో కారు. తెల్లజాతి ఛాంపియన్లు నల్లజాతి బాక్సర్లకు అవకాశం ఇవ్వమని గీత గీసినప్పుడు, ఆ గీతకు ఇవతల నిలబెట్టినవాళ్ల మధ్య పుట్టిన టైటిల్ అది. పీటర్ జాక్సన్, శామ్ లాంగ్‌ఫర్డ్, జో జెనెట్, శామ్ మెక్‌వే, హ్యారీ విల్స్ అందరూ దాన్ని పట్టుకున్నవాళ్లే. దాన్ని ప్రపంచ టైటిల్‌గా లెక్కిస్తే ఈ ఐదుగురూ జాబితా నుంచి పోతారు, జరిగిన అన్యాయం కూడా కాగితం మీద కనబడకుండా పోతుంది. అందుకే దాన్ని ప్రతిభకు సాక్ష్యంగా తీసుకోవాలి, అనర్హతగా కాదు.

క్యూబా బాక్సర్లు స్టీవెన్సన్, సవోన్ చెరి మూడు ఒలింపిక్ బంగారాలు గెలిచారు. వాళ్లకు చోటు లేదా?

తెయోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980లలో, ఫెలిక్స్ సవోన్ 1992, 1996, 2000లలో హెవీవెయిట్ బంగారాలు తెచ్చారు. ఇద్దరూ అమెచ్యూర్ ప్రపంచ ఛాంపియన్లు కూడా. అప్పట్లో క్యూబాలో ప్రొఫెషనల్ క్రీడలు నిషేధం, వీళ్లు దేశం వదలలేదు. మూడు రౌండ్ల ఆటలో తిరుగులేనివాడు పదిహేను రౌండ్లలో ఏం చేసేవాడో ఊహించడమే తప్ప తూచడానికి ఒక్క బౌట్ కూడా లేదు. వీళ్లకు వేరే జాబితా పెట్టడమే న్యాయం.

## పేర్లు ఏరుకునేటప్పుడు

ఎక్కడ చూసినా శామ్ లాంగ్‌ఫర్డ్ పేరే మొదట ఉంటుంది. అంత గొప్పేమిటి?

అతను ఎదుర్కొన్న బరువుల తేడా చూడాలి. కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టి బాస్టన్‌లో బాక్సర్ అయిన లాంగ్‌ఫర్డ్ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలకు అటూఇటూ. 1903 డిసెంబరులో లైట్‌వెయిట్ ఛాంపియన్ జో గాన్స్‌ను 15 రౌండ్లలో పాయింట్ల మీద ఓడించాడు. టైటిల్ పందెంలో లేదు. 1904 సెప్టెంబరులో వెల్టర్‌వెయిట్ ఛాంపియన్, బార్బడోస్‌కు చెందిన జో వాల్‌కాట్‌తో 15 రౌండ్లు డ్రా. 1910లో మిడిల్‌వెయిట్ ఛాంపియన్ స్టాన్లీ కెచెల్‌తో ఫిలడెల్ఫియాలో ఆరు రౌండ్లు ఆడాడు, అది నో డెసిషన్ (విజేతను ప్రకటించని బౌట్). మధ్యలో 1909లో లండన్ వెళ్లి ఇంగ్లిష్ హెవీవెయిట్ ఇయన్ హేగ్‌ను నాలుగో రౌండులో నాకౌట్ చేశాడు.

లైట్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ దాకా ప్రతి మెట్టు మీదా అత్యుత్తముల మధ్య నిలబడినవాడు ఇంకొకడు దొరకడం కష్టం. చూపు దాదాపు పోయాక, 1922లో అట్లాంటాలో టైగర్ ఫ్లవర్స్‌ను రెండో రౌండులో నాకౌట్ చేశాడు. ఆ ఫ్లవర్సే 1926లో మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 250కి పైగా బౌట్లు ఆడిన ఇతనికి హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ కోసం దక్కాల్సిన అవకాశం ఒక్కటీ దక్కలేదు.

జాక్ జాన్సన్ లాంగ్‌ఫర్డ్‌కు భయపడి తప్పించుకున్నాడా?

భయం సంగతి ఎవరూ రుజువు చేయలేరు, తప్పించుకున్న సంగతి మాత్రం నిజం. ఇద్దరూ ఒక్కసారే తలపడ్డారు: 1906 ఏప్రిల్ 26, మసాచుసెట్స్‌లోని చెల్సీ, 15 రౌండ్లు. జాన్సన్ 185 పౌండ్లు, లాంగ్‌ఫర్డ్ 156. జాన్సన్ పాయింట్ల మీద గెలిచాడు. లాంగ్‌ఫర్డ్ జాన్సన్‌ను పడగొట్టాడని చెప్పుకునే కథ మీద ఆధారపడకండి, అది తర్వాత పెరిగిన కథ.

1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి జాన్సన్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి లాంగ్‌ఫర్డ్ బరువూ అనుభవమూ పెరిగాయి. 1915లో టైటిల్ పోయేదాకా జాన్సన్ అతనికి అవకాశం ఇవ్వలేదు. తెల్లజాతి ఛాలెంజర్‌తో ఆడితే వచ్చే గేటు డబ్బు నల్లజాతి ఛాలెంజర్‌తో ఆడితే రాదన్నది ఆ రోజుల వ్యాపారపు లెక్క. జాన్సన్ నల్లజాతి ఛాలెంజర్‌తో ఆడిన ఒకే ఒక్క టైటిల్ బౌట్ 1913 డిసెంబరులో ప్యారిస్‌లో జిమ్ జాన్సన్‌తో, అది డ్రా అయింది. లాంగ్‌ఫర్డ్, జెనెట్, మెక్‌వే ముగ్గురూ ఆడుతున్న రోజుల్లో ఆ అవకాశం వాళ్లలో ఎవరికీ రాలేదు.

హ్యారీ విల్స్‌తో హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీ ఎందుకు ఆడలేదు?

జాన్సన్ ఓడిన 1915 నుంచి 1937లో జో లూయీ గెలిచేదాకా 22 ఏళ్లు ఏ నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ బౌట్ ఇవ్వలేదు. విల్స్ కెరీర్ సరిగ్గా ఆ గోడ కింద పడింది. డెంప్సీ ఛాంపియన్‌గా ఉన్న 1919–1926 మధ్య ఎక్కువ కాలం విల్స్‌నే మొదటి ఛాలెంజర్ అన్నారు. 1922లో ఒకసారి, 1925లో ఒకసారి ఒప్పంద పత్రాలు కూడా పడ్డాయి. 1925 ఒప్పందంలో డెంప్సీకి ఇస్తామన్న డబ్బు అందక బౌట్ చెదిరిపోయింది, విల్స్‌కు మాత్రం 50,000 డాలర్లు ముట్టాయి.

డెంప్సీ విల్స్‌తోనే ఆడాలని న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ పట్టుబట్టింది. 1926 సెప్టెంబరులో డెంప్సీ–టనీ టైటిల్ బౌట్ ఫిలడెల్ఫియాకు తరలడం వెనుక ఆ పట్టుదల ఉంది. ఆ నింద మొత్తం డెంప్సీ ఒక్కడి నెత్తిన వేయడం సరికాదు. ప్రమోటర్లు, రాజకీయ నాయకులు కూడా ఆ బౌట్ వద్దనుకున్నారు.

పీటర్ జాక్సన్ మరీ పాతవాడు కదా, అతన్ని ఎలా తూచాలి?

ఒక్క బౌట్ చాలు. 1891 మే 21న శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ కార్బెట్‌తో 61 రౌండ్లు ఆడాడు. మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విరామం లెక్కన నాలుగు గంటలు దాటింది. ఇద్దరూ ముందుకు కదలలేని స్థితికి వచ్చాక రెఫరీ ఆపేసి నో కాంటెస్ట్, అంటే ఫలితం లేదు అన్నాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే కార్బెట్ జాన్ ఎల్. సలివాన్‌ను పడగొట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. సలివాన్ నల్లజాతివాళ్లతో ఆడనని బాహాటంగానే చెప్పాడు కాబట్టి జాక్సన్‌కు ఆ దారి మొదటే మూసుకుపోయింది. 1901లో క్వీన్స్‌లాండ్‌లో క్షయతో చనిపోయాడు.

చార్లీ బర్లీ పేరు చాలామంది వినలేదు. అతన్ని అంత పైన ఎందుకు పెడతారు?

అతనితో ఆడినవాళ్ల మాట వల్ల. పిట్స్‌బర్గ్‌కు చెందిన బర్లీ వెల్టర్, మిడిల్‌వెయిట్. 1944 ఏప్రిల్‌లో హాలీవుడ్‌లో ఆర్చీ మూర్‌ను పాయింట్ల మీద ఓడించాడు. తర్వాత లైట్ హెవీవెయిట్ టైటిల్‌ను ఏళ్ల తరబడి పట్టుకున్న మూర్, తాను ఎదుర్కొన్నవాళ్లలో బర్లీనే మేటి అనేవాడు. వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ అయిన ఫ్రిట్జీ జివిక్‌తో మూడు బౌట్లలో బర్లీ రెండు గెలిచాడు. వందకు దగ్గరగా ఆడినా అతన్ని ఎవరూ నాకౌట్ చేయలేదు.

టైటిల్ ఎందుకు రాలేదంటే మూడు కారణాలు ఒక్కచోట పడ్డాయి. ఒకటి వర్ణ వివక్ష. రెండోది యుద్ధం: మిడిల్‌వెయిట్ ఛాంపియన్ టోనీ జేల్ నౌకాదళంలో ఉండగా 1942 నుంచి 1945 దాకా ఆ టైటిల్ కదలకుండా ఉంది, అవి బర్లీ మంచి రోజులు. మూడోది అతని శైలి. దాడికి తొందరపడకుండా, ఎదుటివాడి దెబ్బను జారనిచ్చి తిరిగి కొట్టే కౌంటర్ పంచర్. ఇలాంటివాడు టికెట్లు అమ్మించడు, గెలవడమూ కష్టం. ఏ ఛాంపియన్ మేనేజరైనా అలాంటి ఛాలెంజర్‌ను దూరంగానే ఉంచుతాడు. రింగు వదిలాక పిట్స్‌బర్గ్‌లో చెత్త ఎత్తే పని చేసి బతికాడు.

హోల్మన్ విలియమ్స్, లాయిడ్ మార్షల్, ఎడ్డీ బుకర్, కోకో కిడ్ అదే తరంవాళ్లు. అవకాశం రాక వీళ్లు ఒకరితో ఒకరే మళ్లీ మళ్లీ ఆడుకున్నారు. బర్లీ, విలియమ్స్ ఏడుసార్లు తలపడ్డారు.

ఎజర్డ్ చార్ల్స్ లైట్ హెవీలో అందరికన్నా గొప్పవాడంటారు. మరి టైటిల్ ఏది?

లైట్ హెవీలో లేదు. 1946–1948 మధ్య ఆర్చీ మూర్‌ను మూడుసార్లూ ఓడించినా ఆ క్లాసులో అవకాశం రాలేదు. బరువు పెంచుకుని 1949లో హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. కాబట్టి అసలు జాబితాకు అర్హుడు కాడు. "తన సొంత క్లాసులో టైటిల్ లేనివాళ్లు" అని వేరే జాబితా వేస్తే మొదటి పేరు ఇతనిదే.

లాస్లో పాప్ ఒక్క బౌట్ కూడా ఓడలేదు. అతనికి ఎందుకు అవకాశం రాలేదు?

అవకాశం దగ్గరికి వచ్చాక సొంత ప్రభుత్వం ఆపింది. ఎడమచేతి వాటం ఉన్న ఈ హంగేరియన్ 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో వరుసగా మూడు బంగారాలు గెలిచిన తొలి బాక్సర్. 1956 ఫైనల్లో అతని చేతిలో ఓడిన హోసే టోరెస్ 1965లో లైట్ హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పాప్ 1957లో, 31 ఏళ్ల వయసులో ప్రొఫెషనల్ అయి 1962లో యూరోపియన్ మిడిల్‌వెయిట్ టైటిల్ పట్టాడు. రికార్డు 27 గెలుపులు, 2 డ్రాలు. ప్రపంచ టైటిల్ బౌట్ మాటలు నడుస్తుండగా హంగేరీ ప్రభుత్వం ప్రొఫెషనల్‌గా ఆడే అనుమతి వెనక్కి తీసుకుంది. ఇతని మీద వచ్చే అభ్యంతరం ఒక్కటే: ప్రొఫెషనల్‌గా ఎదుర్కొన్నవాళ్లలో మొదటి శ్రేణి మిడిల్‌వెయిట్లు తక్కువ. ఆ అభ్యంతరంలో బలముంది.

1970ల హెవీవెయిట్లలో ఎవరిని ఎంచుకోవాలి: క్వారీ, షేవర్స్, లైల్, యంగ్?

మా ఓటు జిమ్మీ యంగ్‌కు. 1976 ఏప్రిల్ 30న అలీతో 15 రౌండ్లు ఆడి పాయింట్ల మీద ఓడాడు, ఆ తీర్పు మీద ఇప్పటికీ వాదన ఉంది. 1977 మార్చిలో శాన్ హువాన్‌లో ఫోర్‌మన్‌ను ఓడించాడు. షేవర్స్ దెబ్బకు సాటి లేదు: 1979లో నార్టన్‌ను మొదటి రౌండులోనే కూల్చాడు, అదే ఏడాది హోమ్స్‌ను ఏడో రౌండులో పడేశాడు, కానీ పదకొండో రౌండులో తనే ఓడాడు. దమ్ము చాలకపోవడం అతని పాత లోపం. జెర్రీ క్వారీకి రెండు అవకాశాలు దొరికాయి (1968లో ఎలిస్‌తో, 1969లో ఫ్రేజియర్‌తో), రెండూ పోయాయి. రాన్ లైల్ 1975లో అలీ చేతిలో పదకొండో రౌండులో ఓడాడు.

ఐదుసార్లు అవకాశం వచ్చినా గెలవనివాణ్ణి "గొప్పవాడు" అనడం ఏమిటి?

ఎవరి చేతిలో ఓడాడో చూసి మాట్లాడాలి. యాకీ లోపెజ్ లైట్ హెవీలో జాన్ కాంటే (1976), విక్టర్ గలిండెజ్ (1977, 1978), మాథ్యూ సాద్ ముహమ్మద్ (1980), తర్వాత క్రూజర్‌వెయిట్‌లో (లైట్ హెవీకి, హెవీకి మధ్య క్లాసు) కార్లోస్ దె లియోన్ (1983) చేతుల్లో ఓడాడు. బెన్నీ బ్రిస్కోకు ఎదురైనవాళ్లు కార్లోస్ మోన్సోన్ ఒకసారి, రోద్రిగో వాల్డెస్ రెండుసార్లు. షెఫీల్డ్‌కు చెందిన హెరోల్ గ్రాహమ్ 1989లో మైక్ మెకాలమ్ చేతిలో స్ప్లిట్ డెసిషన్‌తో ఓడాడు. 1990లో జూలియన్ జాక్సన్‌ను మూడు రౌండ్లు ఆడించి, అతని కన్ను మూసుకుపోయేలా కొట్టి, నాలుగో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బకు పడిపోయాడు.

వీళ్లు గొప్పవాళ్లే. కానీ పరీక్ష రాసి తప్పినవాళ్లకు, పరీక్ష గదిలోకే రానివ్వనివాళ్లకు ఒకే వరుస వేయకూడదు.

ఒక్క జడ్జి మార్కుతో టైటిల్ పోయినవాళ్లు ఉన్నారా?

బిల్లీ గ్రాహమ్ ఉన్నాడు. 1951 ఆగస్టు 29న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ కిడ్ గవిలాన్‌తో ఆడి స్ప్లిట్ డెసిషన్‌తో ఓడాడు. తీర్పు విని హాలు భగ్గుమంది. వందకు పైగా బౌట్లలో గ్రాహమ్ ఒక్కసారి కూడా నేలకు ఒరగలేదు.

ఇప్పటివాళ్లలో ఎవరైనా ఈ జాబితాకు వస్తారా?

బెల్టులు ఇన్ని ఉన్నప్పుడు రావడం కష్టం. సెర్గీ డెరెవ్యాంచెంకో పేరు చెప్పవచ్చు: 2018లో డానియల్ జేకబ్స్‌తో, 2019లో గొలోవ్కిన్‌తో కొసదాకా పోరాడి పాయింట్ల మీద ఓడాడు, 2020లో జెర్మాల్ చార్లో చేతిలోనూ ఓడాడు. పాతవాళ్ల పక్కన నిలబెట్టేంత మాత్రం కాదు.

## రికార్డు చదివేటప్పుడు

పాత రికార్డుల్లో "నో డెసిషన్" అని అన్ని ఎందుకు ఉంటాయి?

అప్పటి చట్టాల వల్ల. ఉదాహరణకు న్యూయార్క్‌లో 1911–1917 మధ్య బౌట్ జరపవచ్చు, విజేతను ప్రకటించకూడదు. 1920లో వచ్చిన వాకర్ చట్టంతో తీర్పులకు అనుమతి వచ్చింది. ఇలాంటి చోట్ల ఛాంపియన్ నాకౌట్ అయితే తప్ప టైటిల్ పోదు. పన్నెండు రౌండ్లూ దెబ్బలు తిన్నా లేచి నిలబడితే ఛాంపియన్‌గానే ఇంటికెళ్తాడు. 1922లో లూ టెండ్లర్, లైట్‌వెయిట్ ఛాంపియన్ బెన్నీ లెనర్డ్‌ను తీవ్రంగా ఇబ్బంది పెట్టిన బౌట్ ఇలాంటిదే. పత్రికల విలేఖరులు ఎవరు గెలిచారో రాసేవాళ్లు, దాన్నే న్యూస్‌పేపర్ డెసిషన్ అంటారు. ఒకే బౌట్‌కు రెండు పత్రికలు ఇద్దరు విజేతలను రాయడమూ మామూలే. కనీసం రెండు మూడు పత్రికలు ఏకమైతేనే దాన్ని గెలుపుగా లెక్కించండి.

లాంగ్‌ఫర్డ్ హ్యారీ విల్స్ చేతిలో చాలాసార్లు ఓడాడు. మరి విల్స్ కదా గొప్ప?

తేదీలు చూడకుండా మొత్తం లెక్కేయడం వల్ల వచ్చే పొరపాటు ఇది. ఇద్దరూ పదిహేనుసార్లకు పైగా తలపడ్డారు. 1914లో 14వ రౌండులో, 1916లో 19వ రౌండులో లాంగ్‌ఫర్డ్ విల్స్‌ను నాకౌట్ చేశాడు. 1917లో ఫ్రెడ్ ఫుల్టన్‌తో బౌట్ తర్వాత లాంగ్‌ఫర్డ్‌కు ఒక కంటి చూపు పోయింది. విల్స్ గెలుపుల్లో చాలా భాగం ఆ తర్వాతివి. పైగా విల్స్ వయసులో చిన్నవాడు, ఎత్తులో అర అడుగుకు పైగా పెద్దవాడు.

పాత ఫిల్ముల్లో వీళ్లు గంతులేస్తున్నట్టు కనిపిస్తారు. నిజంగా అంత మొరటుగా ఆడేవాళ్లా?

తప్పు ఫిల్ము వేగానిది. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు, సెకనుకు సుమారు 16 ఫ్రేములు. దాన్ని 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే కదలిక ఒకటిన్నర రెట్లు వేగంగా, తెగిపోయినట్టు కనిపిస్తుంది. ప్లేయర్‌లో వేగాన్ని మూడింట రెండు వంతులకు, అంటే 0.65–0.7 దగ్గరకు తగ్గించి చూడండి. అప్పుడు పాదాలు చూడాలి, చేతులు కాదు: దూరాన్ని ఎలా కొలుస్తున్నాడో అక్కడే తెలుస్తుంది. క్లించ్‌లు (ఒకరినొకరు పట్టుకుని ఆగడం) ఎక్కువ కనిపించడం నిజమే. 20, 45 రౌండ్లకు సిద్ధమైనవాడు బలం దాచుకుంటాడు.

ఒక బాక్సర్‌ను తూచాలంటే రికార్డులో ఏ వరుసలో ఏం చూడాలి?

గెలుపోటముల మొత్తం అంకెను చివరికి వదిలేయండి. ముందు అతను ఓడించినవాళ్లలో అప్పటి, తర్వాతి ఛాంపియన్లను విడిగా రాయండి. ప్రతి పేరు పక్కన తేదీ, ఇద్దరి బరువు, వయసు, ఎన్ని రౌండ్లు, తీర్పు రకం వేయండి. ఎదుటివాడు ఆ ఏడాది ముందూ వెనుకా ఎలా ఆడుతున్నాడో చూసి, పడిపోతున్న దశలో ఉన్నవాడి మీద గెలుపును సగానికి తగ్గించండి. ఓటములకూ ఇదే చేయండి: కెరీర్ చివరి రెండు మూడేళ్ల ఓటములకు తూకం తక్కువ. జిమ్మీ బివిన్స్ పేరుతో ఒకసారి చేసి చూస్తే పద్ధతి పట్టుబడుతుంది. జోయీ మాక్సిమ్ (1942), ఎజర్డ్ చార్ల్స్ (1943), ఆర్చీ మూర్ (1945) ముగ్గురినీ ఓడించిన ఈ క్లీవ్‌లాండ్ బాక్సర్ మొత్తం అంకెల్లో మామూలుగా కనిపిస్తాడు.

## తేల్చేటప్పుడు

నలుగురం కలిసి జాబితా వేయాలి. గొడవ లేకుండా ఎలా?

ఒక్కొక్కరూ ఇతరులతో మాట్లాడకుండా ఐదు పేర్లు వరుసగా రాయాలి. మొదటి పేరుకు 5, చివరి పేరుకు 1 వేసి కూడండి. మాట్లాడుకున్నాక రాస్తే గట్టిగా వాదించినవాడి పేరే గెలుస్తుంది. ఐదుగురిలో హెవీవెయిట్లు ఇద్దరిని మించకూడదని ముందే షరతు పెట్టుకోండి. లేకపోతే అందరికీ తెలిసిన పెద్ద శరీరాలే జాబితా నింపుతాయి, బర్లీ లాంటివాడికి చోటు ఉండదు.

సరే, మీ మొదటి ముగ్గురు ఎవరు?

లాంగ్‌ఫర్డ్, బర్లీ, విల్స్. మొదటి స్థానం మీద మాకు అనుమానం లేదు. రెండో స్థానం మీద ఉంది. విల్స్‌ది పొడవైన, నిలకడైన రికార్డు, పైగా తన క్లాసులో ఏళ్ల తరబడి మొదటి ఛాలెంజర్. బర్లీవి వాటికన్నా తక్కువమంది చూసిన గెలుపులు, ఫిల్ము కూడా దాదాపు లేదు. అయినా మిడిల్‌వెయిట్ అయ్యుండి ఆర్చీ మూర్‌ను ఓడించడం విల్స్ రికార్డులో ఏ ఒక్క గెలుపుకన్నా బరువైనదని మా లెక్క. 1914కు ముందు లాంగ్‌ఫర్డ్ స్థాయిని విల్స్ అందుకున్నాడని ఎవరైనా బౌట్ల వారీగా చూపిస్తే బర్లీ, విల్స్ పేర్లు తారుమారు చేస్తాం.